రెండు నీళ్ళు పడనివ్వండి

రఫూ మాస్టారి మొండితనం తెలియాలంటే ముందు ఆయన కూచునే మూల చూడాలి. డ్రైక్లీనింగ్ షాపులో గాజు తలుపు పక్కన, ఆవిరి ఇస్త్రీ సెగ తగలనంత దూరంలో ఒక బల్ల, మెడ వంచిన దీపం, భూతద్దం, మూడు సైజుల సూదులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల. పురుగు కొట్టిన కోట్లు, సిగరెట్ నిప్పు పడి చిల్లులైన ప్యాంట్లు, మేకు తగిలి చీరుకుపోయిన శాలువాలు ఆయన ముందుకొస్తాయి. చిరుగు చుట్టూ ఒక్కో పోగూ ఎక్కించి, నిలువుకి నిలువు, అడ్డానికి అడ్డం అల్లేసి, చింపుకున్నవాడే చిరుగెక్కడా అని వెతుక్కునేలా చేస్తాడు.

ఆయనకి రెండు పట్టింపులున్నాయి. ఒకటి, బయటి దారం ముట్టుకోడు. ఆ గుడ్డ లోపలి మడతలోంచో, జేబు వెనకనించో నాలుగు పోగులు లాగి వాటితోనే అల్లుతాడు. “ఎంత రంగు కలిసినా పరాయి దారం పరాయిదేనండీ. రెండు ఉతుకుల్లో బయటపడుతుంది” అంటాడు. రెండోది, పని అయిన రోజున ఆ చోటు ఎవరు తడిమినా ఒప్పుకోడు. కొత్తగా అల్లినచోట గుడ్డ కాస్త ఉబ్బుతుంది, గట్టిగా తగులుతుంది. తెలియనివాళ్ళు పాడు చేశావని గోల పెడతారు. “రెండు నీళ్ళు పడనివ్వండి, అదే సర్దుకుంటుంది. అప్పటికీ కనిపిస్తే నా చెయ్యి నరుక్కుంటాను” అంటాడు మాస్టారు. ఇన్నేళ్ళలో చెయ్యి నరుక్కోవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు. అదే ఆయన కొంప ముంచింది.

ఆయనకి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని పిట్ట అన్నారు, ఇరవై ఆరేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. పన్నెండో ఏట మెట్ల దగ్గర మోకాళ్ళ మీద చేతులూని లేవడం మొదలుపెట్టింది. బద్ధకం అనుకుని తండ్రి నాలుగు తిట్లు తిట్టాడు. తర్వాత తెలిసింది మస్క్యులర్ డిస్ట్రోఫీ అని. కండని కండగా నిలబెట్టే ప్రోటీన్ ఒకటి పిట్ట ఒంట్లో పుట్టుకతోనే లేదు. అది లేక కండలు ఒకటొకటిగా సబ్బుబిళ్ళ అరిగినట్టు అరిగిపోతాయి. ఆ తిట్లు మాత్రం ఏ రోజు ఏ మెట్టు దగ్గర తిట్టాడో సహా మాస్టారికి ఈనాటికీ గుర్తే.

ముందు కాళ్ళు పోయాయి, చక్రాల కుర్చీ వచ్చింది. తర్వాత భుజాలు, ఆ తర్వాత ఎడమ చెయ్యి. కానీ కుడిచేతి వేళ్ళున్నాయి చూశారూ, అవి తండ్రి వేళ్ళని మించినవి. కుర్చీ బల్లకి ఆనించి సూది పట్టిందంటే మాస్టారికే కుళ్ళు పుట్టేది. “నాన్నా, నీకు కళ్ళు ఆనడం లేదు, ఆ నల్లకోటు ఇటు పడెయ్” అనేది. “గురువుకే పంగనామాలు పెడతావుటే” అని విసుక్కునేవాడు, కోటు మాత్రం ఇచ్చేవాడు. వాళ్ళిద్దరూ అలా పోట్లాడుకుంటుంటే ఇస్త్రీ వాళ్ళు పని ఆపి వినేవాళ్ళు.

ఈ ఏడు ఆ కుడి మోచెయ్యి కూడా మొరాయించింది. వేళ్ళు ఆడతాయి, చెయ్యి మడవదు. చెంచా పళ్ళెంలోంచి లేచి గడ్డానికి జానెడు దూరంలో ఆగిపోతుంది. ఆ జానెడూ పిట్టే తల వంచి చెంచా దగ్గరికి వెళ్ళేది. దారం లాగాలన్నా అదే అవస్థ. ఈ ఒక్క మోచెయ్యీ పోతే తన తిండి తను తినలేదు, తన ముక్కు తను తుడుచుకోలేదు, సూది సంగతి సరే సరి. మాస్టారు, బడిలో ఆయాగా పనిచేసే ఆయన భార్య, పిట్ట, ముగ్గురికీ ఇప్పుడు ఒక్కటే ధ్యాస. ఆ చెయ్యి మడవాలి.

పెద్దాసుపత్రిలో కండరాల జబ్బులు చూసే డాక్టరమ్మ కొత్త వైద్యమేదో పరీక్ష చేస్తోందని తెలిసి వెళ్ళారు. ఆవిడ కాగితం మీద చెయ్యి బొమ్మ గీసి చెప్పింది. జబ్బు లేనివాళ్ళ తొడలోంచి, ఇక్కడైతే మాస్టారి తొడలోంచి, గోరంత కండ తీస్తారు. అందులో కొత్త కండని పుట్టించే మూలకణాలుంటాయి. వాటిని ల్యాబులో లక్షలకి లక్షలుగా పెంచి పిట్ట దండచేతిలో సూదులతో ఎక్కిస్తారు. అవి అక్కడ నిలదొక్కుకుంటే, పిట్ట ఒంట్లో లేని ఆ ప్రోటీన్ తయారుచేస్తాయి.

“నిలదొక్కుకుంటేనే” అంది మళ్ళీ. “ఒంటికి ఒక కాపలా ఉంటుంది మాస్టారూ. బయటిది ఏది లోపలికొచ్చినా చంపేస్తుంది. జలుబు తగ్గేది దానివల్లే. మీ కణాలని కూడా అది దొంగలనే అనుకుంటుంది. అందుకని ఆ కాపలాని జోకొట్టే మాత్రలు పొద్దునా సాయంత్రం తప్పకుండా వేసుకోవాలి.”

“నావి బయటివెలా అవుతాయి డాక్టరమ్మా? నా కూతురది.”

“సగం మీది, సగం మీ ఆవిడది. ఆ రెండో సగానికి మీరు పరాయివాళ్ళే.”

మాస్టారు భార్యకేసి అదోలా చూశాడు. “నన్నెందుకు అలా చూస్తారు, నేనేం చేశాను?” అందావిడ. పిట్ట కిసుక్కున నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వి, రెండో దారి చెప్పింది. పిట్ట కణాలనే తీసి, వాటిలో లోపం సరిదిద్ది, మళ్ళీ పిట్టకే ఎక్కించడం. సొంతవి కాబట్టి కణాలు పరాయివన్న గొడవ ఉండదు. కానీ అది ఇంకా సిద్ధం కాలేదు, రెండేళ్ళు పట్టచ్చు, మూడేళ్ళు పట్టచ్చు.

ఇక్కడే ఉంది విడ్డూరం. ఏ గుడ్డకి ఆ గుడ్డ దారమే అని ముప్పై ఒక్క ఏళ్ళు నోరు నొప్పెట్టేలా చెప్పినవాడు, అలాంటి దారి కళ్ళెదుట పెడితే వద్దన్నాడు. తప్పు పడదామన్నా నాకు నోరు రాదు. రెండేళ్ళకి ఆ చెయ్యి మిగలొద్దూ?

“నాన్నా, ఆగుదామా?” అని దారిలో పిట్ట అడిగింది.

“ఆగితే అప్పటికి ఏముంటుందే ఎక్కించడానికి, ఎముకా?” అనేశాడు, అని నాలిక కరుచుకున్నాడు. వారం తర్వాత పిట్ట కాగితాల మీద తన చేత్తోనే, కాస్త మెల్లిగా, సంతకం పెట్టింది.

తొడ కోసిన మర్నాడే మాస్టారు కుంటుకుంటూ షాపుకొచ్చేశాడు. అడిగినవాడికీ అడగనివాడికీ ఒకటే మాట, “లోపలి మడతలోంచి తీశారండీ, పైకి కనిపించదు” అని. రెండు నెలలకి కణాలు సిద్ధమయ్యాయి. పిట్ట చేతిలో వరసలు వరసలుగా అరవై సూదులు గుచ్చారు. “ఇన్నాళ్ళూ నేను పొడిచిన కోట్లన్నీ కలిసి పగ తీర్చుకున్నాయి” అంది పిట్ట, కళ్ళల్లో నీళ్ళు తుడవమని తల్లికేసి మొహం తిప్పుతూ.

ఇక రోజూ సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి నించి ఒక నర్సు ఫోను చేసేది. ఎరుపుందా, వాపుందా, వేడిగా ఉందా, నొప్పి ఉందా. అవే నాలుగు ప్రశ్నలు, అదే గొంతు. పిట్ట ఆవిడకి ఫోనమ్మ అని పేరు పెట్టింది. ఫోను ఉండేది మాస్టారి జేబులో, పిట్ట చెవిదాకా ఎత్తలేదు, అందుకని జవాబులు ఆయనే చెప్పేవాడు. చెప్పి, బీరువా తలుపుకి అంటించిన కార్డు మీద నాలుగు గడుల్లో ‘లేదు’ అని రాసేవాడు. అడగని అయిదో జవాబు కూడా చెప్పేవాడు. “ఇవాళ చెంచా మూడు వేళ్ళు పైకొచ్చిందమ్మా.”

నిజంగానే వచ్చింది. మాస్టారు ప్రతి ఆదివారం టేపు పెట్టి చెంచాకీ పెదవికీ మధ్య దూరం కొలిచేవాడు. జానెడు కాస్తా బెత్తెడైంది, బెత్తెడు రెండు వేళ్ళైంది. ఆరో ఆదివారం మధ్యాహ్నం పిట్ట తల వంచలేదు. చెంచా దానంతట అది వచ్చి పెదవికి తగిలింది. మాస్టారు ఏదో పనున్నట్టు మెట్ల మీదకి వెళ్ళి, ఆ పాత తిట్లు తిట్టిన మెట్టు మీదే కూచుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రెండో విడత సూదులు పది రోజుల తర్వాత బుధవారానికి పెట్టారు. ఇంకో విడత పడితే సూదీ దారమూ కూడా వస్తాయని ఆయన లెక్క.

రెండు రోజులకే, మంగళవారం పొద్దున జాకెట్టు చెయ్యి తొడుగుతుంటే పిట్ట తల్లి ఆగిపోయింది.

“ఏవండీ, ఇలా రండి. చెయ్యి వాచింది. కాలిపోతోంది కూడా.”

మాస్టారు భూతద్దం తెచ్చి చూశాడు. సూదులు గుచ్చిన వరసల వెంబడే, అచ్చంగా వరసల వెంబడే, చర్మం ఎర్రగా ఉబ్బి గట్టిపడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

“పిచ్చిదానా, పట్టిందే ఇది. కొత్తగా అల్లిన చోటు ఉబ్బదూ? రెండు నీళ్ళు పడనీ, అదే సర్దుకుంటుంది.”

“అది గుడ్డ కాదండీ, పిల్ల చెయ్యి.”

“కండ మటుకు పోగులు కాదా? డాక్టరమ్మ బొమ్మ వేసి చూపించలేదూ?”

“ఏదైనా సరే, ఫోనమ్మకి చెప్పండి.”

“చెబితే ఏమవుతుందో తెలుసా? పై వారం సూదులు ఆపేస్తారు. ఈ కాస్తలో అంతా తగలేస్తావా?”

అదీ అసలు సంగతి. పైన కనిపించేది నమ్మకం, కింద ఉన్నది భయం. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికితే అది గడ్డిపోచని ఎవరైనా చెబితే వింటాడా? భార్య నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన వినలేదు. ఆరింటికి ఫోను మోగింది. ఎరుపు లేదమ్మా, వాపు లేదమ్మా, వేడి లేదమ్మా, నొప్పి లేదమ్మా. కార్డు మీద నాలుగు గడులూ నిండాయి. చెంచా సంగతి మాత్రం ఆవేళ చెప్పలేదు.

మర్నాడూ అంతే. గురువారం ఫోనమ్మకి ఏం తోచిందో, “ఒకసారి అమ్మాయికి ఇవ్వండి” అంది. మాస్టారు ఫోను పిట్ట చెవికి ఆనించి, ఎదురుగా వంగి నిలబడ్డాడు. చేతులు జోడించలేదన్నమాటే గానీ ఆ కళ్ళు అంత పనీ చేశాయి.

“నొప్పేమైనా ఉందా అమ్మా?”

పిట్ట తండ్రి మొహంలోకి చూసింది. “లేదండి, బాగుంది” అంది.

ఇక మాస్టారిని పట్టేవాడెవడు? “విన్నావా? దానికే నొప్పి లేదట, మధ్యలో నీ గోలేంటి?” అని భార్య మీద విరుచుకుపడ్డాడు. వెర్రి నాగన్న, అడిగించినవాడూ తనే, ఆ జవాబు నమ్మినవాడూ తనే.

శనివారం పొద్దున పిట్టకి జ్వరం వచ్చింది. చెంచా పట్టుకుంది, అది పళ్ళెంలోంచి రెండు వేళ్ళ ఎత్తు లేచి, ఠంగుమని కింద పడింది. తల్లి మొగుణ్ణి ఒక్క మాటా అడగలేదు. తనే టాక్సీ పిలిచింది, తనే కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. మాస్టారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెనకాల పరిగెత్తాడు.

డాక్టరమ్మ చెయ్యి నొక్కి చూసి, “ఎప్పటినించి?” అంది.

“ఇవాళ పొద్దున్నే...” అన్నాడు మాస్టారు.

“మంగళవారం నించి డాక్టరమ్మా” అంది భార్య.

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని మాస్టారు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆవిడ తల తిప్పి నర్సుకి ఏవో మందులు గబగబా చెప్పింది, పిట్ట కుర్చీని లోపలికి తీసుకుపోయారు.

పన్నెండు రోజులు ఉంచారు. జ్వరం తగ్గింది, వాపు తీసింది, చెయ్యి ఇంకా సన్నబడింది. చేతిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు, రక్తం పరీక్షించారు. ఆఖరి రోజు డాక్టరమ్మ ముగ్గుర్నీ కూచోబెట్టింది.

“మీ కణాలు ఒక్కటి కూడా మిగల్లేదు మాస్టారూ. మాత్రలు వేసుకుంటున్నా కాపలా లేచింది, దొరికినవాటిని దొరికినట్టు చంపింది.”

“మళ్ళీ తియ్యండి. ఈసారి రెండో తొడ కొయ్యండి. రెండూ కొయ్యండి, నాకు నడక లేకపోయినా ఫర్వాలేదు.”

“మీ ఒంట్లోది ఏదీ ఇక ఈ అమ్మాయికి ఎక్కించకూడదు. మిమ్మల్ని అది గుర్తుపెట్టుకుంది.” ఆవిడ రక్తం రిపోర్టు ముందుకు లాక్కుంది. “ఇంకొకటి చెప్పాలి. మీ కణాల్నే కాదు, అవి తయారుచేసిన ఆ ప్రోటీన్ని కూడా శత్రువుగా గుర్తుపెట్టుకుంది. పుట్టినప్పట్నించీ ఎరగనిది కదా. రేపు తన కణాల్నే బాగుచేసి ఎక్కించినా అవి తయారుచేసేదీ ఆ ప్రోటీనే. వాటినీ బతకనివ్వదు. ఆ వైద్యం సిద్ధమైనా పిట్టని అందులోకి తీసుకోరు.”

రెండు దారులూ మూసుకుపోయాయన్న మాట మాస్టారి బుర్రలోకి ఎక్కడానికి కాస్త సేపు పట్టింది. ఎక్కాక బల్ల అంచు పట్టుకుని, “మంగళవారమే చెప్పి ఉంటే?” అన్నాడు.

“మందు పెంచేవాళ్ళం. ఆగేదేమో. అప్పటికీ ఆగకపోయేదేమో. ఎటూ నేను ఒట్టేసి చెప్పలేను.”

ఆగేది అనైనా ఆవిడ అని ఉంటే తలకాయ గోడకేసి కొట్టుకునేవాడు. ఆగేది కాదు అంటే ఏడ్చి ఊరుకునేవాడు. ఆ ‘ఏమో’ని ఏం చేసుకోవాలో ఆయనకి తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఆకులైనా చేతికి తగులుతాయి. ఆయన చేతికి ఏమీ తగల్లేదు.

మళ్ళీ షాపుకెళ్ళాడు, వెళ్ళక ఏం చేస్తాడు. మూడో రోజు ఒకాయన కోటు తీసుకోవడానికొచ్చి, రఫూ చేసినచోట వేలితో తడిమి, “ఇక్కడ ఉబ్బిందేంటండీ?” అన్నాడు. మాస్టారు నోరు తెరిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నోట్లో నానిన మాట బయటికి రాలేదు. “రేపు రండి” అని కోటు లాక్కుని, అల్లినదంతా పోగు పోగునా విప్పేశాడు. మళ్ళీ అల్లాడు, చేత్తో తడిమాడు, ఉబ్బు తగిలింది, విప్పాడు. మూడోసారికి గుడ్డే చిరిగింది. షాపు యజమాని వచ్చి దీపం ఆపి, “ఇంటికెళ్ళండి మాస్టారూ” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భార్య పిట్ట నోటికి ముద్ద అందిస్తోంది. ఆయన కుర్చీ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

“ఆవేళ నొప్పి లేదన్నావేంటే?”

పిట్ట నోట్లోది మింగి, “నువ్వలా చూస్తుంటే ఏమని చెప్పను నాన్నా?” అంది.

“నొప్పి ఉందా మరి?”

“చెయ్యి కోసేసినట్టుండేది.”

“తిట్టాల్సింది నన్ను. అరవాల్సింది. ఎందుకు ఊరుకున్నావే?”

“నేనూ పట్టిందనే అనుకుందామనుకున్నాను. నువ్వంత సంతోషంగా ఉండగా నేను చూళ్ళేదు కదా ఎప్పుడూ.” అని, తల్లికేసి తిరిగి, “ఇంకో ముద్ద పెట్టమ్మా” అంది.

మాస్టారు అక్కడే, ఆ కుర్చీ చక్రానికి తల ఆనించి కుమిలి కుమిలి ఏడ్చాడు. పిట్ట చెయ్యి ఆయన తల మీద పెడదామనుకుంది. అది ఒళ్ళోంచి లేవలేదు. వేళ్ళు మాత్రం కదిలాయి.

వైద్యం పోయినా ఫోను పోలేదు. ఎక్కించిన రోజు నించి ఏడాదిపాటు చెయ్యి ఎలా ఉందో కనుక్కోవడం వాళ్ళ పద్ధతట. కాకపోతే ఒక మార్పు వచ్చింది. ఇప్పుడు ఫోనమ్మ మాస్టారి జవాబులు తీసుకోదు, అమ్మాయే చెప్పాలి. అందుకని ఆరింటికి ఆయన ఫోను పిట్ట చెవికి ఆనించి పట్టుకుంటాడు. తన మొహం కనిపిస్తే ఎక్కడ తనకోసం చెబుతుందోనని, చెయ్యి మాత్రం వెనక్కి చాచి, తను గోడకేసి తిరిగి నిలబడతాడు. జబ్బ లాగేస్తుంది, అయినా దించడు.

నిన్న కూడా అలాగే నిలబడ్డాడు. ఎరుపుందా అంటే లేదంది. వాపుందా అంటే లేదంది. వేడి లేదంది. అవి ఆయన పొద్దున్నే చూసుకున్నవే. ఆ తర్వాత ఫోనమ్మ నాలుగోది అడిగింది. పిట్ట ఒక్క క్షణం ఆగింది.

“లేదండి” అంది.

మాస్టారు గోడకేసి అలాగే నిలబడిపోయాడు. అది నిజమో, తనకోసమో ఆయనకి తెలియలేదు. వెనక్కి తిరిగి అడిగితే మళ్ళీ అదే చెబుతుంది.